ఆ సీసాలను పారవేయకుడు: వైద్యకళాశాలాధిపతులకు బహిరంగ లేఖ

ఉభయ తెలుగు రాష్ట్రముల వైద్యవిద్యా సంచాలకులకు, ప్రభుత్వ వైద్యకళాశాలల ప్రధానాచార్యులకు, పాథాలజీ శాఖాధ్యక్షులకు,

ఆర్యులారా,

మీ యధీనమున నున్న పాథాలజీ మ్యూజియములలో దశాబ్దములుగా అలమరలలో నిలిచియున్న పాత స్పెసిమెన్ సీసాలను, మెట్లక్రింది గదులలోను నడవల మూలలందును పెట్టెలకొద్ది పడియున్న పారాఫిన్ బ్లాకులను, ఉపయోగము లేనివనియు స్థలము నాక్రమించుచున్నవనియు కండెమ్నేషన్ కమిటీ చేత వ్రాయించి, పసుపుపచ్చ సంచులలో మూటగట్టి, దహనయంత్రమునకు పంపివేయుటయే మేలనెడి అభిప్రాయము మీలో పలువురియందు ప్రబలుచున్నదని విని, విన్నంతమాత్రమున ఊరకుండజాలక ఈ లేఖ వ్రాయుచున్నాను. పాథాలజీ బోధించుటలో యౌవనమును నడివయస్సును గడిపి విశ్రాంతి పొందినవాడనగుటచే ఆ సీసాల ఘాటును, వానిమీది చేతివ్రాత పట్టీలును నాకు పరిచితములు. కాని ఆ పరిచయము వలన పుట్టిన మమకారము ఈ విన్నపమునకు మూలము కాదు. మీరు పారవేయబూనిన వస్తువు ఎట్టిదో తెలిసినవాడెవ్వడును ఆ నిర్ణయమును అంగీకరింపజాలడు. కావుననే నేను అంగీకరింపజాలకున్నాను.

ఒక కళాశాలలో క్రొత్త సెమినారు హాలు కొఱకు మ్యూజియములో సగభాగమును ఖాళీ చేయుచుండగా చూచితిని. దాని పేరు చెప్పుట నా యుద్దేశము కాదు. వరండాలో నేలమీదికి వరుసగా దించిన సీసాలలో ఒకదానియందు ఒక శిశువు ఊపిరితిత్తి యుండెను. ఫార్మలిన్ ఇంకి సగమునకు దిగి తేనెరంగు తిరిగినది. మూతచుట్టును పోసిన మైనము బీటలువాఱినది. పట్టీమీద నల్లసిరాతో వ్రాసిన అంకెయు, సంవత్సరమును, తట్టు పిదప న్యుమోనియా యని చెప్పు రెండు మూడు ఆంగ్లపదములును ఇంకను చదువ వీలుగానే యుండెను. అటెండరు ఒకరు మూత విప్పి, ద్రవమును సింకులో పోసి, ఊపిరితిత్తిని సంచిలో వేసి, సీసాను కడిగి బోర్లించుచుండిరి. సీసాకు మఱల ఉపయోగము కలదట. ఆయన తప్పేమియు లేదు. తనకు చెప్పిన పని తాను చేయుచుండెను. ఆ పని చెప్పినవారిని, చెప్పుటకు అధికారమున్నవారిని, చెప్పవలదని ఆజ్ఞాపింపగల వారిని నేను అడుగుచున్నాను: ఆ ఊపిరితిత్తి యేమి చెప్పగలదో విచారించియే ఆ ఉత్తర్వుపై సంతకము చేసితిరా?

అట్టిదే యగు మఱియొక ఊపిరితిత్తి కథ మీకు తెలియవలెను. 1912 జూన్ 3వ తేదీన బెర్లిన్ నగరములోని షారిటే వైద్యశాలలో రెండేండ్ల బాలిక యొకతె తట్టు సోకి, దానివెంట వచ్చిన న్యుమోనియాతో కన్నుమూసినది. వైద్యులు ఆమె ఊపిరితిత్తిని ఫార్మలిన్‌లో నుంచి, పట్టీ అంటించి, తమ సంగ్రహములో చేర్చిరి. అప్పటికి తట్టు వైరసును కంటితో చూచినవాడు లోకమున లేడు; ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పుట్టుటకు ఇంకను దాదాపు రెండు దశాబ్దములు కావలసియుండెను; జన్యుక్రమమును చదువుట యనెడి ఊహయే ఎవ్వరికిని రాలేదు. అయినను వారు దాచిరి. నూఱేండ్లు దాటిన పిమ్మట రాబర్ట్ కోఖ్ సంస్థకు చెందిన సెబాస్టియన్ కాల్విన్యాక్-స్పెన్సర్, ఆరియాన్ డ్యూక్స్ మొదలగు పరిశోధకులు ఆ సీసాను వెదకి పట్టి, అందుండి చిన్నముక్కను కోసి, ఫార్మలిన్ చేత ఒకదానితో నొకటి పెనవేసికొనిపోయిన అణుబంధములను 98 డిగ్రీల వేడిమిలో సడలించి, ఆ పసిదాని ప్రాణము తీసిన వైరసు యొక్క జన్యుక్రమమును దాదాపు సంపూర్ణముగా చదివిరి. 2020లో ‘సైన్స్’ పత్రికలో ఆ పరిశోధన వెలువడుటకు పూర్వము మనుష్యజాతికి దొరకిన తట్టు వైరసు జన్యుక్రమములలో మిక్కిలి పాతది 1954లో వేఱుచేసిన వైరసుది.

నలువదిరెండేండ్లు వెనుకకు జరిగిన ఆ ఒక్క ఆధారము చరిత్రలో ఎంత మార్పు తెచ్చినదో చూడుడు. వైరసు జన్యుపదార్థమున మార్పులు ఎంతెంత కాలమునకు ఎన్నెన్ని చేరునో లెక్కకట్టుటకు పాత జన్యుక్రమమెంత పాతదైన అంత మేలు. ఆ లెక్క సరియైనకొలది పూర్వకాలమును గూర్చిన అంచనా సరియగును. తట్టు వైరసు పశువులకు సోకుచుండిన ముసరరోగపు వైరసు నుండి క్రీస్తుశకము 9వ శతాబ్ది ప్రాంతమున వేఱుపడినదని అంతవఱకు పలువురు తలచుచుండగా, ఈ ఊపిరితిత్తి వెలుగున చూచినప్పుడు ఆ వేర్పాటు క్రీస్తుపూర్వము 6వ శతాబ్ది నాటికే జరిగియుండవచ్చునని తేలినది. తట్టు ఒక జనసమూహమున ఆరిపోక నిరంతరముగా నిలుచుటకు రెండున్నర లక్షల నుండి ఐదు లక్షల వఱకు జనులు ఒక్కచోట నుండవలెనని వ్యాధిశాస్త్రజ్ఞుల అంచనా. అట్టి మహానగరములు లోకమున తలయెత్తిన కాలము ఇంచుమించుగా అదియే. ఆవును మచ్చికచేసి, కొట్టమును ఇంటికి ఆనించి కట్టుకొని, పిదప ఊళ్ళను నగరములుగా పెంచుకొనిన మానవుడు తన బిడ్డలకు తెలియక అంటగట్టిన వారసత్వము ఈ రోగము. ముసరరోగము 2011లో భూమిమీది నుండి నిర్మూలితమైనది. దాని దాయాది మాత్రము టీకా అందని పసిబిడ్డలను నేటికిని చంపుచునే యున్నది. ఈ సంబంధమును ఇంత నిశ్చయముగా నిరూపింపగల శాసనము గాని తాళపత్రము గాని యేది?

బెర్లిన్ సంగ్రహము ఎట్టి దుర్దశలను గడచి నిలిచినదో అదియు మఱువరాదు. 1899లో రుడోల్ఫ్ విర్షో మహాశయుడు ఆ నగరమున తెఱచిన పాథాలజీ మ్యూజియములో ఇరువదివేలకు మించిన స్పెసిమెన్లుండెను. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులు పడి భవనము కూలినపుడు వానిలో మిగిలినవి రెండువేలకు లోపు. రెండు మహాయుద్ధములను, ఒక నగరవిధ్వంసమును, దేశవిభజనను దాటి ఆ బాలిక ఊపిరితిత్తి మనదాక వచ్చినది. అక్కడివారు శిథిలములనుండి ఏరి తెచ్చి మఱల అలమరలలో సర్దుకొనిరే, ఏ యుద్ధమును రాని మన ఊళ్ళలో, ఏ పైకప్పును కూలని మన కళాశాలలలో, మనకు మనమే అట్టి విధ్వంసము చేసికొనుట యేమి న్యాయము?

మీలో ఒకరు నాతో, ‘ప్రాచీన మానవావశేషములు కావలెనన్న పురావస్తుశాఖవారు త్రవ్వుచునే యున్నారు కదా, శ్మశానములు, సమాధులు ఉండగా మా సీసాలతో పనియేమి?’ అనిరి. ఈ ప్రశ్నకు సమాధానము మన ఎండలలోనే యున్నది. జన్యుపదార్థమునకు వేడిమియు తేమయు ప్రథమశత్రువులు. అందునను తట్టు, ఇన్‌ఫ్లుయెంజా వంటి వైరసులు ఆర్.ఎన్.ఎ. వైరసులు; ఆ పదార్థము డి.ఎన్.ఎ. కంటె ఎన్నో రెట్లు త్వరగా శిథిలమగును. కావున ఎముకలయందు అది శతాబ్దములు నిలుచుట మిక్కిలి అరుదు. చలిదేశములవారికి నేలయే భాండాగారము. అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ అను సముద్రతీరపు పల్లెలో 1918 నవంబరున ఎనుబదిమంది పెద్దవారిలో డెబ్బదిఇద్దరు ఐదు దినములలో ఇన్‌ఫ్లుయెంజాకు బలికాగా, వారినందఱను గడ్డకట్టిన నేలలో ఒక్క గోతిలో పూడ్చిరి. 1951లో యోహాన్ హుల్టిన్ అను యువవిద్యార్థి ఆ పల్లె పెద్దల అనుమతి వేడి, ఆ గోతిని త్రవ్వి, ఊపిరితిత్తుల ముక్కలు తెచ్చి, వైరసును బ్రతికింపజూచి విఫలుడయ్యెను. ఆయన పట్టు విడువలేదు. డెబ్బదిరెండేండ్ల వయస్సున, 1997లో, ఆ వైరసును గూర్చి జెఫ్రీ టౌబెన్‌బర్గర్ బృందము వ్రాసిన పరిశోధనను చదివి ఆయనకు జాబువ్రాసి, భార్య తోటపనికి వాడు కత్తెరను సంచిలో పెట్టుకొని మఱల ఆ పల్లెకేగి, మఱల అనుమతి కోరి త్రవ్వగా, దేహపు కొవ్వు చేత కాపాడబడిన ఒక స్త్రీ ఊపిరితిత్తులు మంచులో చెడక దొరకినవి. మొదటిసారి సమాధిపై నిలిచియుండిన రెండు కొయ్య శిలువలు అప్పటికి లేకపోగా, ఆ వృద్ధుడు పల్లె బడిలోని వడ్రంగిశాలలో తన చేతులతో రెండు క్రొత్త శిలువలను చేసి నాటి, గోతిని పూడ్చి, వెడలిపోయెను. ఆ ఊపిరితిత్తియు, ఆ వ్యాధితో మరణించిన అమెరికా సైనికుల పారాఫిన్ బ్లాకులును కలిసి 2005 నాటికి 1918 వైరసు సంపూర్ణ జన్యుక్రమమును లోకమున కిచ్చినవి.

మన నేలలో అట్టి మంచు ఎక్కడిది? హర్యానాలోని రాఖీగఢీలో త్రవ్విన హరప్పానాటి అస్థికలనుండి అఱువదియొక్క నమూనాలను పరీక్షింపగా ఒక్క స్త్రీ అస్థినుండి మాత్రమే ఉపయోగపడు జన్యుద్రవ్యము లభించినదని 2019లో ప్రకటించిరి. తెలంగాణమునందును రాయలసీమయందును జనులు రాక్షసగుళ్ళని పిలుచు ప్రాచీన సమాధులు కొండలప్రక్కన కోకొల్లలుగా నున్నవి. ఏండ్లతరబడి వైశాఖపు ఎండలో కాగి, శ్రావణపు వానలో నానిన ఆ మట్టిలో వైరసు జాడ నిలుచునను ఆశ సన్నము. మంచులేని దేశమునకు ఫార్మలిన్ సీసాయు, పారాఫిన్ బ్లాకును మాత్రమే మంచు. మన పూర్వులలో ఏ రోగము ఏ రూపమున నుండెనో చెప్పగల మానవావశేషములు మన పాలిట శ్మశానములలో కంటె మీ మ్యూజియముల అలమరలలోనే అధికముగా నున్నవి. అధ్యక్షులారా, మీరు పాతసామాను అనుచున్నది ఈ దేశపు శీతలభాండాగారమని మీకెవ్వరును ఇంతవఱకు చెప్పలేదా?

సంపన్న దేశములకే ఇట్టివి సాధ్యమనుకొనువారు కిన్షాసాను చూడవలెను. కాంగో రాజధానియైన ఆ నగరపు పాథాలజీ శాఖలో, స్వాతంత్ర్యపు అల్లకల్లోలములను, అంతర్యుద్ధములను, విద్యుత్తు లేని దినములను గడచి, దశాబ్దములనాటి బయాప్సీ బ్లాకులు మిగిలియుండెను. వానిలో ఇరువదియేడింటిని పరీక్షింపగా, 1960 నాటి ఒక స్త్రీ గ్రంథిలోని ముక్కలో హెచ్.ఐ.వి. జాడ దొరకినది. మైఖేల్ వొరోబీ మొదలగువారు దానిని 1959 నాటి రక్తనమూనాలోని వైరసుతో పోల్చి, ఆ రెండింటికిని నడుమ అప్పటికే పెరిగియున్న అంతరమును కొలిచి, మనుష్యులలో ఆ వైరసు వ్యాప్తి 1908 ప్రాంతముననే ఆరంభమైనదని, అంచనా హద్దులు 1884 నుండి 1924 వఱకని 2008లో ప్రకటించిరి. ఎయిడ్స్‌ను వైద్యలోకము గుర్తించినది 1981లో; అంతకు డెబ్బది సంవత్సరములకు పూర్వమే అది మానవదేహమున ప్రవేశించినదని లోకమునకు తెలిపినది ఒక పేదదేశపు పాథాలజీ శాఖ పారవేయక దాచియుంచిన మైనపుముక్క. పిమ్మట 2020లో వెలువడిన మఱియొక పరిశోధనలో మధ్య ఆఫ్రికాలోని 1,600కు పైబడిన పాత స్పెసిమెన్లను గాలింపగా, 1966 నాటి ఒకే యొక్క దానినుండి దాదాపు సంపూర్ణమైన జన్యుక్రమము లభించినది.

ఈ సంఖ్యను మీరు మనస్సున నిలుపవలెను. పదహాఱు వందలలో ఒకటి. ‘ముఖ్యమైనవి కొన్ని ఉంచుకొని తక్కినవి తీసివేసెదము’ అని మీ కమిటీలు వ్రాయునప్పుడు, ఆ ఒకటి ఉంచినవానిలో నున్నదో, తీసివేసినవానిలో నున్నదో చెప్పగలవాడు ఆ కమిటీలో ఎవడు? ముఖ్యమైనది ఏదో నేడు మీకును తెలియదు, నాకును తెలియదు. 1912లో బెర్లిన్ వైద్యులకును తెలియదు.

పట్టీమీది వ్రాతను నమ్మి ఏరుటయు సాధ్యము కాదు. నేపుల్స్ నగరములోని సాన్ డొమెనికో మాజోరె దేవాలయమున దొరకిన పదునాఱవ శతాబ్దపు రెండేండ్ల శిశువు మమ్మీ చర్మముమీది పొక్కులను చూచి, సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అది మశూచియని 1980 దశకమున పండితులు నిశ్చయించిరి. మూడు దశాబ్దములపాటు గ్రంథములలో అది మశూచిగానే నిలిచినది. 2018లో జన్యుపరీక్ష చేయగా అందు మశూచి లేదు, కామెర్లకు కారణమగు హెపటైటిస్-బి వైరసు ఉన్నది. దేహఖండము నిలిచియుండెను గనుక తప్పు దిద్దబడినది. ఫొటోలు తీసి కంప్యూటరులో దాచినచో చాలునని, విద్యార్థులకు తెరమీద చూపవచ్చునని మీరు చెప్పు ఉపాయమునకు ఇందులోనే సమాధానము గలదు: ఆ మమ్మీ ఫొటో ఎన్నేండ్లు చూచినను పొక్కులే కనబడును.

ఆ హెపటైటిస్-బి చరిత్రయు ఎముకలనుండి, పండ్లనుండియే వెలువడినది. 2021లో ప్రకటించిన ఒక పరిశోధనలో 137 ప్రాచీన జన్యుక్రమములను కూర్చి, గత పదివేల ఏండ్లలో వేటగాండ్రతోను, సేద్యగాండ్రతోను ఆ వైరసు ఎట్లు ఖండములు దాటెనో చూపిరి. అది డి.ఎన్.ఎ. వైరసు గనుకను, దొరకిన అస్థికలు అధికముగా చల్లని దేశములవి గనుకను అంత సాధ్యమైనది.

ఇక మన పాలు. 1918 ఇన్‌ఫ్లుయెంజా అన్ని దేశములకంటె ఎక్కువ ప్రాణములు తీసినది భారతదేశముననే. చరిత్రకారుల అంచనాలు ఒక కోటి ఇరువది లక్షల నుండి రెండు కోట్ల వఱకు పోవుచున్నవి. ఆ వైరసు జన్యుక్రమములు ఎక్కడెక్కడినుండి వచ్చినవి? అలాస్కా పల్లె గోతినుండి, దక్షిణ కరొలైనా, న్యూయార్కు శిబిరములలో మరణించిన సైనికుల బ్లాకులనుండి, బెర్లిన్, మ్యూనిక్, జ్యూరిక్ నగరములలో మరణించినవారి ఊపిరితిత్తులను దాచిన ఫార్మలిన్ సీసాలనుండి. అధికముగా మరణించినది మనవారు. ఆ మరణమునకు సాక్ష్యము పలుకుచున్న దేహములు పరులవి. గోదావరి ఒడ్డునను, కృష్ణాతీరమునను, నైజాము పల్లెలలోను పేరైనను వ్రాసిపెట్టువారు లేక కట్టెలపాలైన ఆ లక్షలమందిని గూర్చి శాస్త్రలోకమునకు చెప్పవలసినవారు ఎవరు?

మశూచి సంగతి ఇంకను దుఃఖకరము. మన ముత్తవ్వలు పెద్దమ్మవారని చెప్పి గడపకు వేపమండలు కట్టి, పోలేరమ్మకు మ్రొక్కి, బిడ్డ బ్రతికినచో కన్నులైనను మిగులవలెనని వేడుకొనిన ఆ వ్యాధి ఈ దేశమునుండి 1975 మే నెలలో తొలగినది. లోకము దానినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సభ 1980లో ప్రకటించినది. దాని చరిత్రకు తొలిసాక్షి యని అయిదవ రామెసెస్ ఫారో మమ్మీ ముఖముమీది పొక్కులను చూపుచుందురు. జన్యుసాక్ష్యము మాత్రము వేఱుచోట్లనుండి వచ్చినది. లిథువేనియాలోని విల్నియస్ నగరపు చర్చి నేలమాళిగలో దొరకిన, 1643కును 1665కును నడుమ మరణించిన పసిబిడ్డ దేహములోని మశూచి వైరసు, ఇరువదవ శతాబ్దపు మశూచి శాఖలన్నిటికిని ఉమ్మడి పూర్వికుడు 1588–1645 ప్రాంతమువాడేయని తెలిపి, ఆ వ్యాధి నేటి రూపమును దాల్చినది మనమనుకొనినంత ప్రాచీనకాలమున కాదేమోయను సందేహమును కలిగించినది. 2020లో ఉత్తర యూరపులోని వైకింగుల కాలపు ఎముకలనుండి, ఇప్పుడు పూర్తిగా నశించిన మఱియొక మశూచి శాఖ వెలికి వచ్చినది. శతాబ్దములుగా ఆ వ్యాధిని భరించి, దానికి దేవతను, జాతరను, నోమును, వైద్యమును, చివరకు టీకాల ఉద్యమమును కల్పించుకొనిన ఈ దేశము ఆ చరిత్రయందు వినబడవలెనన్న, మన దేహములు పలుకవలెను. హైదరాబాదున 1846లో వైద్యపాఠశాల వెలసినది. విశాఖపట్టణమున 1923లో, గుంటూరున 1946లో వైద్యకళాశాలలు ఆరంభమైనవి. ఈ సంస్థలు ఎదిగిన కాలమంతయు మశూచి మన వీధులలో తిరుగుచుండిన కాలమే. ఆ నాటి అవశేషములకు వారసులు మీరు.

ప్రమాదమును గూర్చి మీరు చెప్పు మాటను నేను తేలికగా త్రోసిపుచ్చను. ఫార్మలిన్‌లో దశాబ్దములుండిన దేహఖండమున వైరసు జీవించియుండదు. మిగులునది తునుకలైన జన్యుపదార్థము మాత్రమే. అట్లయ్యును జాగ్రత్త వలయును. 2014లో అమెరికాలోని బెథెస్డాలో, ప్రభుత్వ ప్రయోగశాలల ఆవరణయందలి ఒక శీతలగదిలో, 1950 దశకమునాటి మశూచి గాజుగొట్టములు అట్టపెట్టెలో మఱువబడి దొరకినవి. అవి ఫార్మలిన్‌లో నుంచినవి కావు, వానిలో కొన్నింటియందు సజీవ వైరసు ఉండెను. మశూచి వైరసును అమెరికాలోని అట్లాంటా, రష్యాలోని కొల్త్సోవో ప్రయోగశాలలలో దక్క ఎక్కడను ఉంచరాదని అప్పటికే లోకమంతట నియమమున్నను అట్లు జరిగినది. ఏల? జాబితా లేకపోవుటచేత. ప్రమాదము పాతవస్తువు ఉండుటలో లేదు. ఉన్నదేదో ఎఱుగకుండుటలో ఉన్నది. చూడక, వ్రాయక, చదువక సంచులలో వేసి పంపుట భద్రతకు మార్గమని ఏ శాస్త్రము చెప్పుచున్నది?

ఇంతకంటె బరువైన ఆక్షేపణ మఱియొకటి యున్నది. దానిని మీరు ఎత్తకున్నను నేనే ఎత్తుట ధర్మము. ఆ సీసాలలోని దేహఖండములు ఎవరివి? అనేకములు పేదలవి, ధర్మాసుపత్రి మంచముమీద మరణించి, అడుగువారు లేని శవములుగా మన బల్లలమీదికి వచ్చినవారివి. వారిని ఎవ్వరును అనుమతి అడుగలేదు. ఈ ఋణము మన వృత్తిమీద నున్నది. కాని ఆ ఋణము దహనయంత్రము వలన తీరునా? అడుగక తీసికొని, చదువక తగులబెట్టుట ఒక అన్యాయముమీద రెండవ అన్యాయము. బ్రెవిగ్ మిషన్‌లో రెండుమారులు అనుమతి అడిగి, రెండుమారులును గోతిని పూడ్చి, శిలువలు నాటిన ఆ శాస్త్రజ్ఞుని నడవడి మనకు మార్గము చూపుచున్నది. పేర్లను గోప్యముగా నుంచుట, నైతికసంఘము అనుమతి లేనిదే ముక్కయైనను కోయకుండుట, కుటుంబమో సమాజమో గుర్తింపబడినచోట వారితో మాటాడుట, తీసికొనిన ముక్క ఎంతో, ఏ పనికో, ఫలితమేమో వ్రాసి ఉంచుట, ఇవి యన్నియు సాధ్యములే. నిలువచేసిన దేహనమూనాలను గూర్చి భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శక సూత్రములలో ఒక అధ్యాయమే గలదు. దానిని చదివి అమలుపఱచుట మీ విధి.

‘వీనిని చదువువారెవరు?’ అని మీరు అడుగవచ్చును. హిమాలయములలోని రూప్‌కుండ్ సరస్సు అస్థిపంజరములపై జరిగి 2019లో వెలువడిన జన్యుపరిశోధనలో మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అను పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు భాగస్వాములు. చదువగలవారు మీ గడపకు దూరమున లేరు. వారు రేపు వచ్చి తలుపు తట్టినపుడు చూపుటకు మీ అలమరలో ఏమి మిగిలియుండునన్నదే నా ప్రశ్న. నేడు లేని యంత్రము రేపు రావచ్చును. నేడు కాలిపోయిన ఊపిరితిత్తి రేపు రాదు.

నేను కోరునవి గొప్ప వ్యయముతో కూడినవి కావు. మొదట, ఉభయ రాష్ట్రములలోను పాత స్పెసిమెన్లను, బ్లాకులను, స్లైడులను, వాని రిజిస్టరులను కండెమ్ చేయుట వెంటనే ఆపుడు. రిజిస్టరులను ప్రత్యేకముగా చెప్పుచున్నాను. చెదలు తినిన ఆ పుస్తకము లేనిదే సీసామీది అంకెకు అర్థము లేదు, సంవత్సరము తెలియని వైరసు కాలగణనకు పనికిరాదు. పిదప ప్రతి కళాశాలలోను ఒక అధ్యాపకునికి, ఒక టెక్నీషియనుకు ఆ పని అప్పగించి, అంకె, అవయవము, సంవత్సరము, రోగనిర్ణయము అను నాలుగు సంగతులతో జాబితా వ్రాయింపుడు; పట్టీల ఫొటోలు తీయింపుడు. ద్రవము తగ్గిన సీసాలను నింపి మూతలు వేయింపుడు. బ్లాకులను ఎండ తగులని చల్లని గదికి చేర్పుడు. మశూచి యని పట్టీ యున్నవానిని విడదీసి, తాళమువేసి, ప్రభుత్వమునకు తెలిపి, అంతర్జాతీయ నియమము ననుసరించి నడుచుకొనుడు. స్థలము నిజముగా లేని కళాశాల తన సంగ్రహమును ఉన్న కళాశాలకు అప్పగింపవచ్చును. రాష్ట్రమునకు ఒక్క భాండాగారమైనను చాలును. పసుపుపచ్చ సంచుల నియమములు ఏర్పడినవి ఆసుపత్రి వ్యర్థములకు. ఉపాధ్యాయులు తరతరములుగా కాపాడిన సంగ్రహమును వ్యర్థమని పేర్కొనుటయో, కాదనుటయో మీ కలములోనే యున్నది.

ఈ లేఖ చదువు పూర్వవిద్యార్థులను, విశ్రాంత అధ్యాపకులను కూడ ఒక మాట వేడుచున్నాను: మీ కళాశాలకు పోయి, మ్యూజియము తలుపు తెఱపించి చూడుడు, రిజిస్టరు ఎక్కడ నున్నదో అడుగుడు. చేతివ్రాత చదువుటకు, పాత సంకేతములు విప్పి చెప్పుటకు మనలో శక్తియున్నవారు ఇంకను కొందఱున్నారు. ఏ కళాశాల పిలిచినను వేతనము లేక వచ్చి ఆ పనికి కూర్చుండుటకు నేను సిద్ధముగా నున్నాను. సంచాలకులారా, జాబితా పూర్తియగు వఱకు ఒక్క సీసాయైనను ఒక్క బ్లాకైనను కళాశాల గడప దాటరాదని నేడే ఉత్తర్వు వెలువరింపుడని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత పాథాలజీ ఉపాధ్యాయుడు